పాత నావకు కొత్త యజమాని

చెన్నపురి సముద్రతీరమున సాయంకాలము నిలిచి, రేవు వంక సాగిపోవు చిన్న మరనావను చూచి, ఇట్టిది నాకును ఒకటి యున్న ఎంత బాగుండునని యెన్నడును తలపోయనివారు అరుదుగ నుందురు. ముప్పది నలుబది అడుగుల పొడవు, ఒక డీజిలు యంత్రము, నలుగురు పండుకొనుటకు గది, వంటకొక మూల: మనోరథము ఇంతకు మించినది కాదు. అయినను అట్టి నావను కొత్తగా చేయించుట సామాన్య గృహస్థుని తరము కాదు. అందుచేత ఏ దేశమునందైనను ఇట్టి నావలను ఒకరు వాడి విడిచిన పిదప మఱియొకరు కొనుచుందురు. ఇది పాశ్చాత్యుల వేడుక, మనకేల యని పాఠకులు తలపవలదు. పాత నావను కొని బ్రదికించుకొనుట మన తూర్పుతీరమున వేడుకగా గాక జీవనోపాయముగ ఎంతో కాలము సాగిన పని. ఆ చరిత్రను తిరుగవేయగా నాకు తోచినదేమనగా, నావ వయస్సు ప్రధానము కాదు. దానిని విప్పి మరల కట్టగలవాడు అందుబాటులో నుండుటయే ప్రధానము.

చెన్నపట్టణమునకు పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగము వరకు గోడలు గల రేవు లేదు. ఓడలు తీరమునకు దూరముగ లంగరు దించెడివి. వాటికిని ఒడ్డునకును నడుమ పెనుకెరటములు విఱుగుచుండెడివి. ఐరోపావారి గట్టి పడవలు ఆ కెరటముల తాకిడికి ఇసుకపై బడి పగిలిపోయెడివి. మనుష్యులను, సరకును ఒడ్డుచేర్చినది ఈ తీరపు బెస్తల పడవయే. ఆంగ్లేయులు దానిని మసూలా పడవ యనిరి. ఆ పేరు మచిలీపట్టణమునుండి వచ్చినదని కొందఱు చెప్పుదురు. దాని నిర్మాణము విచిత్రమైనది. అందు ఇనుప మేకు లేదు, లోపల పక్కటెముకలవంటి దూలములు లేవు. పలుచని పలకలను కొబ్బరినారత్రాటితో కుట్టి, కుట్టు క్రింద గడ్డి కూరి బిగించెడివారు. కెరటము కొట్టినపుడు ఆ పడవ యెదిరింపదు, వంగును, అందుచేతనే విఱుగదు. ఉప్పునీటిలో త్రాడు కుళ్ళును గాని పలక నిలుచును. కావున కుట్టు విప్పి, చెడిన పలకను మార్చి, మరల కుట్టుట ఆ పడవకు జీవితకాలమంతయు జరుగు సంస్కారము. ఇట్టి పడవను పాతదనవలెనా, కొత్తదనవలెనా? తార్కికులకు విడిచిపెట్టదగిన ప్రశ్న. కొనువాడు మాత్రము పలకకంటె ముందు త్రాటిని పట్టి చూడవలసి యుండెను.

పెద్ద ఓడల విషయము వేఱు. వాటిని ఇసుకపైకి లాగరాదు. అడుగుభాగము బాగుచేయవలెనన్న నీరు తోడివేయదగిన ఓడగుంట కావలెను. చెన్నపురికి అది లేని దినములలో తూర్పుతీరపు ఓడలకు దిక్కైనది గోదావరి ముఖమునందలి కోరంగి. కలకత్తాకును త్రికోణమలైకిని నడుమ పెద్ద ఓడలను గుంటలోనికి దెచ్చి మరమ్మతు చేయదగిన చోటు అదియొక్కటియేయని గెజిటీరులు వ్రాసినవి. 1802లో ఎబెనీజరు రోబకు అను ఆంగ్లేయుడు అచ్చట ఓడగుంటను కట్టించెను. గోదావరి పైభాగపు కొండలనుండి టేకు తెప్పలుగా వచ్చుచుండెను. వడ్రంగులకు తరతరములనుండి చేతిపని యుండెను. ఉష్ణసముద్రములలో కొయ్యను తొలుచు ఒక పురుగు కలదు. అది పైకి సూదిమొనంత రంధ్రమే చూపి, లోపల పలకనంతయు తేనెపట్టువలె చేసివేయును. ఆ పలకలను గుర్తించి తీసివేయుట, సందులలో నార దూర్చి గుగ్గిలము నూనెలతో మూయుట కోరంగివారి విద్య. కొత్త ఓడను కట్టుటకంటె ఇది కష్టమని నా తలంపు. కొత్తది కట్టువానికి కొయ్యయొక్క గుణము తెలిసిన చాలును. పాతది బాగుచేయువానికి దాని రోగమును తెలియవలెను.

ఆ ఊరికి ప్రకృతియే పగయైనది. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులకు సముద్రము పైకెక్కి కోరంగిని ముంచివేసినది. మిగిలినదానిని నదియొండ్రు పూడ్చగా వర్తకము కాకినాడకు జరిగిపోయినది. అయినను బర్మాదేశమున తెలుగువారినందఱిని కోరంగీలనియే పిలిచెడివారు; ఊరు పోయినను పేరు సముద్రము దాటి నిలిచినది. కొయ్యనావల పని మాత్రము చెంతనున్న తాళ్ళరేవు వైపు నిలదొక్కుకొనినది.

పాత నావ కొనుగోలునకు మన పొరుగుతీరమున ఒక చక్కని దృష్టాంతము కలదు. సింహళమునకు ఉత్తరపుటంచున వల్వెట్టితురై యను తమిళ నావికుల ఊరు. అక్కడ 1930లో అన్నపూరణి యను రెండు కొయ్యల తెరచాపనావను కట్టిరి. పొడవు 89 అడుగులు; వేపకొయ్యతో కట్టినది. అది బంగాళాఖాతమున సరకు మోయుచుండగా, విలియము ఆల్బర్టు రాబిన్సను అను అమెరికా నావికుని కంటబడినది. ఆయన అంతకుముందే 1928 మొదలు 1931 వరకు 32 అడుగుల చిన్ననావపై భూమిని చుట్టివచ్చినవాడు. నావల మంచిచెడ్డలు తెలిసినవాడు. అట్టివాడు స్వదేశపు కొత్త నావలను కాదని, ధాన్యము మోసిన పాత నావను కొని, దానికి తన భార్యపేరు పెట్టెను. అది వల్వెట్టితురై నావికులతోనే బయలుదేరి, సూయజు కాలువ, మధ్యధరా సముద్రము, అట్లాంటికు మహాసముద్రము దాటి 1938లో మసాచుసెట్సు రాష్ట్రమునందలి గ్లాస్టరు రేవు చేరెను. కొనువాడు నావతోపాటు దానిని నడుపగలవారిని, బాగుచేయగలవారిని వెంటదీసికొని పోయెనని పాఠకులు గమనింపవలెను. నావ మాత్రమే కొనియుండిన కథ వేఱుగా నుండెడిదేమో.

చెన్నపురి రేవుకట్టడమునకు 1875లో వేల్సు యువరాజు శిల వేసెను. 1881 నవంబరు తుపాను ఆ గోడలను కూల్చివేయగా పని మరల సాగవలసివచ్చెను. ఇరువదవ శతాబ్దారంభమున రేవునకు అధ్యక్షుడైన సర్ ఫ్రాన్సిసు స్ప్రింగు దానిని నేటి రూపమునకు తెచ్చెను. 1911లో ఏర్పడిన విహారనావికుల సంఘమునకు, అనగా రాయల్ మద్రాసు యాట్ క్లబ్బునకు ఆయనయే మూలపురుషుడు. ఆ సంఘపు నావలు నిలుచు స్థలమునకు నేటికిని స్ప్రింగుహేవెన్ అను పేరు. చిన్ననావను నీటిలో నిలిపి యుంచుకొనుటకు చెన్నపురిలో అప్పటికి గాని వీలు కలుగలేదు. నావ కలిగియుండుటయన్న అది నిలుచు చోటును కలిగియుండుటయే. నేడు కొనదలచినవారు కూడ ముందు చోటును, తరువాత నావను వెదకుట వివేకము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల కాలము. అప్పుడు లంగరుపై నమ్మకముంచి ఇంట నిద్రించువాని ధైర్యము మెచ్చదగినదే గాని అనుకరింపదగినది కాదు.

ఇక పాత మరనావను పరీక్షించు విధము. దానిని నీటిలో నుండగా చూచి బేరమాడరాదు. ఒడ్డునకెత్తించి అడుగు చూడవలెను. కొయ్యదైన చిన్న సుత్తితో తట్టవలెను; గట్టి కొయ్య మ్రోగును, కుళ్ళినది మూగవోవును. వింతయేమనగా కొయ్యను కుళ్ళబెట్టునది ఉప్పునీరు కాదు, పైకప్పునుండి కారి మూలల నిలిచిన వాననీరు. కావున పురుగు కొఱకు అడుగును, కుళ్ళు కొఱకు పైభాగమును వెదకవలెను. గాజునార నావయైన నీటిలో మునిగియుండు భాగమున బొబ్బలు లేచినవేమో చేతితో తడిమి చూడవలెను. యంత్రమును చల్లగా నున్నపుడే త్రిప్పింపవలెను. కొనువాడు రాకముందే అమ్మువాడు దానిని వేడిచేసి యుంచిన సందేహింపదగును. పొగ నీలముగ వచ్చిన నూనె మండుచున్నదని, మానక నల్లగ వచ్చిన ఇంధనము సరిగ దహింపబడుట లేదని గ్రహింపవలెను. పెట్రోలు యంత్రము గల నావలో ఒక ప్రత్యేక భయము కలదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది నావ అడుగున చేరి నిప్పురవ్వకై వేచియుండును. అందుచేత గదులు గల నావకు డీజిలే మేలని ఎల్లవారి అభిప్రాయము.

పాత ఓడ కొనుట కొందఱికి స్వాతంత్ర్యసాధనము కూడ నైనది. 1906లో తూత్తుకుడిలో స్వదేశీ నౌకాసంఘమును స్థాపించిన చిదంబరం పిళ్ళె మరుసటి సంవత్సరమే గాలియా, లావో యను రెండు స్టీమర్లను తెప్పించెను. కొన్ని యేండ్లలోనే ఆ సంఘము కూలిపోయినది. పోటీదారుల బలము, ప్రభుత్వపు కక్ష దానికి కారణములు. పండ్రెండేండ్ల తరువాత వాల్చందు హీరాచందు మొదలగువారు సింధియా కంపెనీకై కొన్న లాయల్టీ యను ఓడ అప్పటికే ఇరువదియెనిమిదేండ్లది. 1891లో ఎంప్రెస్ ఆఫ్ ఇండియా యను పేరుతో పసిఫికు మహాసముద్రమున నడిచి, తరువాత గ్వాలియరు మహారాజు చేతికి వచ్చి, ప్రపంచయుద్ధమున వైద్యశాలగా పనిచేసినది. 1919 ఏప్రిలు 5న అది బొంబాయినుండి లండనుకు బయలుదేరెను. మన జాతీయ నౌకాదినము ఆ తేదీననే జరుగును. వ్యాపారముగా చూచిన అది మంచి బేరము కాదు. 1923లో దానిని విఱుగగొట్టుటకు అమ్మివేసిరి. కాని ఆ కంపెనీయే 1941లో విశాఖపట్టణమున ఓడల కర్మాగారమునకు పునాది వేయించెను. అచ్చట కట్టిన జలఉషను 1948 మార్చి 14న జవహర్లాలు నెహ్రూ నీటిలోనికి విడిచెను. ఇతరుల పాత ఓడతో మొదలుపెట్టినవారు తెలుగుతీరమున కొత్త ఓడను కట్టు స్థితికి వచ్చుటకు ఇరువదితొమ్మిదేండ్లు పట్టినది.

నావను కొనువాడు కొయ్యను, యంత్రమును మాత్రమే కొనడు. దాని కాగితములను కూడ కొనును. బ్రిటిషువారి చట్టములో నమోదైన ఓడ యాజమాన్యము 64 వాటాలు; మన 1958 నౌకాచట్టము దానిని పది వాటాలు చేసెను. వాటా చేతులు మారవలెనన్న వ్రాతపూర్వకమైన విక్రయపత్రము, నమోదు రెండును కావలసియుండెను. కాలువ పడవలకును మద్రాసు ప్రభుత్వము 1890లోనే చట్టము చేసినది. కాకినాడనుండి ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువల మీదుగా బకింగుహాము కాలువలో ప్రవేశించి చెన్నపురికి బియ్యము, వంటచెఱకు తెచ్చిన పడవలు ఆ చట్టమునకు లోబడినవే. ఆ కాలువ నేడు నగరములో రైలు స్తంభముల క్రింద మురుగై పడియున్నది. కాగితములు చూచుట గుమాస్తాల చాదస్తమని తలచువారు 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నమువద్ద కృష్ణలో మునిగిన విహారపు పడవను తలచుకొనవలెను. దానికి అనుమతి లేదని తరువాత తేలినది. ఇరువదిమందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద గోదావరిలో నలుబదిమందికి పైగా పోయిరి. నావ ఎందఱిని మోయగలదు, దానిని చివరిసారి ఎవరు పరీక్షించిరి, నడుపువాడెవ్వడు అను మూడు ప్రశ్నలు ధరకంటె ముందు అడుగవలసినవి.

చెన్నపురి తెలుగువారిలో పెద్దలకు రజులా ఓడ పేరు తెలిసియే యుండును. 1926లో స్కాట్లండులో కట్టబడి, చెన్నపట్టణమునకును పినాంగు సింగపూరులకును నడుమ దాదాపు అర్ధశతాబ్దము కూలివారిని, వర్తకులను, పెండ్లికూతుండ్రను మోసినది. మలయా తోటలలోని తెలుగు కుటుంబములనేకము దానిమీద పోయినవే. అది ముసలిదైనపుడు భారత నౌకాసంస్థ దాని స్థానమున కొత్తది కట్టింపలేదు. 1966 నాటి పాస్తర్ యను ఫ్రెంచి ప్రయాణపు ఓడను కొని, దానికి చిదంబరమని పేరు పెట్టినది. మొదటి యజమానులు దానిని దక్షిణ అమెరికా ప్రయాణికుల కొఱకు కట్టించిరి. ఆ శయ్యలపైననే మన వారు మూటలు, ఊరగాయ జాడీలతో ఏండ్ల తరబడి ప్రయాణము చేసిరి. 1985 ఫిబ్రవరిలో సముద్రమధ్యమున దానిలో నిప్పంటుకొనగా పలువురు మరణించిరి. ఓడ మరల ఆ పనికి రాలేదు. చెన్నపురినుండి పినాంగునకు నియతముగ నడిచిన ప్రయాణపు ఓడల వరుస దానితో తెగిపోయినది.