విడిదిగొడ్డలి: దాని పుట్టుపూర్వోత్తరములు

ఉత్తరామెరికా అడవులలో విహారార్థము విడిదిచేయువారు వెంట గొనిపోవు గొడ్డలి కాలక్రమమున ఏల చిన్నదైపోయినదని అడిగినచో, పెక్కురు చెప్పు సమాధానము ఒక్కటే. బరువు తగ్గించుకొని తిరుగవలెనను బుద్ధి పందొమ్మిదవ శతాబ్ది చివర పుట్టినదట. నెస్మక్ అను కలంపేరుగల జార్జి వాషింగ్టన్ సియర్స్ దానిని ప్రచారము చేసెనట. అంతట గండ్రగొడ్డలి చేతిగొడ్డలియై, ఆ చేతిగొడ్డలియు తుదకు మడతరంపమునకు చోటిచ్చి తొలగెనట. వినుటకు ఇంపైన కథయే గాని ఇందులో నిప్పు మాటయే లేదు. గొడ్డలి ఎంతటిదై యుండవలెనో నిర్ణయించినది మోయువాని భుజముకంటె ఎక్కువగా రాత్రి వేయవలసిన మంటయే యని నా తలంపు.

తొలిదశలు విదితములే. ఐరోపా వర్తకులు బొచ్చుతోళ్లకు మారుగా ఇచ్చిన గొడ్డళ్లకు వెనుకవైపు బరువు తక్కువ. పదునెనిమిదవ శతాబ్దిలో అక్కడి వలసకమ్మరులు ఆ వైపున మొద్దును పెంచి వాదరకు సరితూకము కల్పించిరి. 1826లో కనెక్టికట్‌లో నెలకొన్న కాలిన్స్ సంస్థ మొదలైనవి అట్టి గొడ్డళ్లను యంత్రశాలలలో రాశులుగా చేసి దేశమంతట నింపినవి.

వివాదమంతయు సియర్స్‌తో మొదలగును. 1884లో వెలువడిన ‘వుడ్‌క్రాఫ్ట్’ అను గ్రంథమున అతడు తన గొడ్డలికథను ముచ్చటగా చెప్పుకొనెను. బజారులో దొరకు పనివాండ్ర గొడ్డళ్లుగాని, కమ్మరులు చేసియిచ్చినవిగాని అతనికి నచ్చలేదు. పండ్రెండేండ్లు వేటాడిన పిదప, ఒక వాననాడు కూర్చుండి కొయ్యతో నమూనా చెక్కుకొని, రోచెస్టరు నగరమునకు పోయి, శస్త్రవైద్యుల పనిముట్లు చేయు బుష్నెల్ అనువానికి మూడు డాలర్లిచ్చి రెండువాదరల చిన్నగొడ్డలిని చేయించుకొనెను. తోలు ఒరను, హికరీ కామను తానే అమర్చుకొనెను. ఆ రాకపోకలకు మూడుదినములు వ్యర్థమైనవని స్నేహితులు పరిహసించిరట.

ఈ ఘట్టమును ఎత్తిచూపువారు అదే పుస్తకమున మంటను గూర్చిన భాగమును అంత శ్రద్ధగా చదివినట్లు తోచదు. సియర్స్ పడుకొనునది ముందువైపు తెరచియుండు గుడారము; దాని ఎదుట తెల్లవార్లు మంట మండుచుండవలెను. అందులకై పదియంగుళముల లావుగల బటర్‌నట్ చెట్టును పడగొట్టి, అయిదేసి అడుగుల దుంగలు మూడు నరికి తెచ్చి, గుంజల కానించి ఒకదానిపై నొకటి వెనుకగోడగా పేర్చు పద్ధతిని అతడే వర్ణించెను. జేబులో పట్టు గొడ్డలితో ఇది అసాధ్యమనను. కాని ప్రతిసాయంకాలము ఈ పని పెట్టుకొనువాడు చిన్నగొడ్డలిని మెచ్చుకొనునా? 1883లో ‘సెయిరీ గ్యాంప్’ అను పదిన్నర పౌనుల పడవపై న్యూయార్కు రాష్ట్రపు అడిరాన్‌డాక్ సరస్సులలో అతడు సాగించిన ప్రసిద్ధయాత్రలో పలురాత్రులు అడవిహోటళ్ల కప్పుక్రిందనే గడచినవి. ఆ రాత్రులలో నిప్పు చూచుకొనినవారు పరులు. అయినను నా వాదమును మితిమించి సాగదీయరాదు: అరువదేండ్లు దాటి, ఆరోగ్యము చెడి, స్వభావముచేతనే అల్పకాయుడైన ఆ మనుష్యునకు ప్రతి ఔన్సును లెక్కయే. హోరేస్ కెఫార్ట్ సయితము అడవివిడిదిని గూర్చిన 1906 నాటి తన గ్రంథమున, మోయించుటకు సాధనమున్నచో పెద్దగొడ్డలినే తీసుకొనిపొమ్మని హితవు చెప్పెను. మోతబరువు ఒక కారణము కాదని అతనిని చదివినవాడెవడు అనగలడు? కాని అది ఒక కారణము మాత్రమే.

బలవత్తరమైన కారణము అదే అడిరాన్‌డాక్ నేలమీద కనబడుచున్నది. సియర్స్ పుస్తకము వెలువడిన మరుసటియేడే, 1885లో, న్యూయార్కు రాష్ట్రము అచట రక్షితారణ్యము నేర్పరచెను. 1894 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగము ఆ భూములు ఎల్లకాలము అడవిగానే యుండవలెననియు, అందలి కలపను అమ్మరాదు, తీయరాదు, పాడుచేయరాదనియు శాసించెను. బటర్‌నట్ చెట్టును పడగొట్టు విద్యకు సర్కారుభూమిలో నాటితోనే కాలము చెల్లినదన్నమాట. వ్రాతలోని నిషేధము వనమధ్యమున ఎంతవరకు చెల్లెననునది వేరు సంగతి. శాసనము వచ్చిన మాత్రమున చేయి ఆగదు. కాని ఇంచుమించు అప్పుడే, 1892లో, స్టాక్‌హోములో ప్రైమస్ కిరోసిన్ పొయ్యి పుట్టినది. అటుపై నలువైపుల మూసిన గుడారములు, వెచ్చని పడకసంచులు వ్యాపించి, తెల్లవార్లు మండు మంట అవసరముగాక సరదాయైనది. మిచిగన్‌లో వెబ్‌స్టర్ మార్బుల్ 1890ల చివర అమ్మకమునకు తెచ్చిన జేబుగొడ్డలి, వాదరను కప్పు రేకు కామలోనే మడగి ఇముడునట్టిది, ఈ సరదాకాలపు వస్తువే.

గొడ్డలి చిన్నదగుట వలన క్షేమము పెరిగినదనుకొనుట పొరపాటు. నిలుచుండి పొడవుకామ గొడ్డలిని విసరినప్పుడు, దెబ్బ తప్పినచో వాదర సాధారణముగా నేలలో దిగును. పొట్టికామ తిరుగు వలయము చిన్నది గనుక అది మోకాటిపైననో దాని దిగువనో ముగియును. కెనడా ఉత్తరారణ్యములను గూర్చి వ్రాసిన మోర్స్ కొచాన్‌స్కీ పెద్దగొడ్డలి పక్షము వహించుటకు ఇదియు ఒక హేతువు. చలికాలమున గుడారములోనే కట్టెలపొయ్యి వెలిగించు ఆ దేశమున అతని మాట నేటికిని చెల్లును.

తక్కిన తావుల నేటి స్థితి మెచ్చదగినదిగా లేదు. అడిరాన్‌డాక్ ఉన్నతశిఖరముల తూర్పుభాగమున మంట వేయుటయే నిషిద్ధము. పెక్కు అరణ్యములలో చేతితో విరుచుటకు వీలగు ఎండుపుల్లలే ఏరుకొనుడని హితవు చెప్పుదురు. 2002లో డెట్రాయిట్ ప్రాంతమున బయటపడిన, ఆష్ చెట్లను తొలుచు పచ్చని పురుగు వలన వంటచెరకును దూరము తరలించుటయు కట్టడికి లోనైనది. శుద్ధిచేయని కట్టెలను ఏబది మైళ్లకు మించి తీసుకొనిపోరాదని న్యూయార్కు నియమము. కావున కారులో వచ్చి విడిదిచేయువారు, మన న్యూజెర్సీ తెలుగు కుటుంబములతో సహా, కట్టెలమోపును ఆ చుట్టుపట్లనే కొందురు. అందులోని కట్టెలు ముందే నరికినవి. పొయ్యిలో అంటుకొనుటకు లావెక్కువ, అంతే. మిగిలిన పని చీల్చుట. కట్టెను నిలిపి, గొడ్డలివాదరను దాని తలపై ఆనించి, వెనుకమొద్దుపై మరియొక కట్టెతో మోదినచో చేయి విసరు పనియే లేదు. దీనికి కావలసినది వాదరకు ఇరువైపుల మందమైన చెక్కిళ్లుగల సాధారణపు గొడ్డలి. కాని అంగళ్లలో అద్దముల వెనుక, స్వీడిష్ కొలిముల ముద్రలతో, అధికమైన వెలలకు అమ్ముడుపోవుచున్నవి పచ్చిచెట్టును అడ్డముగా తెగగొట్టుటకు సాగదీసిన సన్నని వాదరలే. గొడ్డలియే వద్దని కట్టెపై కత్తిని పెట్టి మరియొక కట్టెతో మోదువారిని చూచినప్పుడు మాత్రము, ఆ సన్నని వాదరలవారే నయమనిపించును.