గోత్రం లెక్కకు అందని క్రోమోజోములు

బాలాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు వచ్చే బైపీసీ పిల్లలకు జన్యుశాస్త్రం మెండెల్ బఠానీ మొక్కలతో మొదలై, విక్టోరియా రాణి వంశంలోని హీమోఫీలియాతో ముగుస్తుంది. అంతర్గత లక్షణమంటే ఏమిటో చెప్పడానికి అంత దూరం పోనక్కర్లేదు, తరతరాలుగా మన ఇళ్లలో నడిచిన మేనరికం చరిత్రే చాలు. ఆ చరిత్రను శ్రద్ధగా చదివితే, తప్పంతా మేనరికానిదేనన్న తేలిక తీర్మానం నిలవదని నా వాదన.

ఆచారం పాతదనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెళ్లాడటాన్ని బౌధాయన ధర్మసూత్రం దక్షిణాదివారి ప్రత్యేక ఆచారాల్లో చేర్చింది. క్రీ.శ. 3వ శతాబ్దపు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్లను చేసుకున్నట్టు నాగార్జునకొండ శాసనాలు చెబుతాయి. 1955 నాటి హిందూ వివాహ చట్టం సైతం దగ్గరి బంధువుల పెళ్లిళ్లను నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. ఆస్తి చీలిపోదనీ, ఆడపిల్ల తెలిసిన ఇంటికే వెళ్తుందనీ పెద్దలు నమ్మారు. గోత్రమూ అడ్డు రాలేదు, ఎందుకంటే మేనమామ కూతురి గోత్రం వేరు, ఇంటిపేరూ వేరు. ఇక్కడే కణం లోపలికి చూడాలి. మనిషి కణకేంద్రకంలో 23 జతల క్రోమోజోములుంటాయి. వాటిలో గోత్రంలా తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే అందేది వై క్రోమోజోమ్ ఒక్కటే. మిగతా ప్రతి జతలోనూ ఒకటి తల్లి ఇచ్చిందే, మైటోకాండ్రియా డీఎన్ఏ అయితే ఇంచుమించు పూర్తిగా తల్లి వైపుదే. గోత్రాలు వేరైనంత మాత్రాన రక్తాలు వేరు కావు. మేనమామ, మేనకోడలు దంపతులైతే, వారి బిడ్డకు ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల ప్రతి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనబావ, మేనమరదళ్లయితే పదహారింట ఒకటి. రెండు ప్రతులూ చెడినప్పుడే అంతర్గత జబ్బు బయటపడుతుంది.

ఇంతకాలం చేసుకున్నా ఏమీ కాలేదు కదా అంటారు కొందరు. ఆ మాటలో నిజం లేకపోలేదు, మేనరికపు బిడ్డల్లో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. పుట్టుకతో వచ్చే లోపాల ప్రమాదం ఏ దంపతులకైనా రెండు మూడు శాతం ఉండగా, మేనబావ మరదళ్లకు అది ఇంకో రెండు మూడు శాతం పెరుగుతుంది. ఎన్నో తరాల్లో చెడ్డ జన్యువులు వాటంతటవే ఏరివేతకు గురై ఉండాలన్న వాదన శాస్త్రవేత్తల్లోనూ వచ్చింది. కానీ కొత్త ఉత్పరివర్తనాలు పుడుతూనే ఉంటాయి, పెరిగిన ప్రమాదం నేటికీ లెక్కల్లో కనిపిస్తూనే ఉంది. ఈ ప్రశ్నను తెలుగు నేల మీద తొలినాళ్లలో పరిశీలించినవారిలో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన హాల్డేన్, వైద్య విద్యార్థుల కోసం తన దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చేశారు. మన కాలేజీల్లో ఎందరికి తెలుసు ఈ సంగతి!

మేనరికం మానేస్తే చాలన్నది రెండో అభ్యంతరం. దీనికి జవాబు హైదరాబాద్‌కు తూర్పు దిక్కునే, హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్‌తో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మన వైశ్యుల్లో దాదాపు వంద తరాలుగా బయటి కలయిక నామమాత్రమేనని తేలింది. కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగిన సమూహం బయటి సంబంధాలు కలుపుకోకపోతే, వారిలో ఒకరు మోసిన అరుదైన జన్యువు తర్వాతివారిలో మామూలైపోవచ్చు. వైశ్యుల్లో కనిపించే బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం అలాంటిదే. ఆపరేషన్ సమయంలో కండరాలను సడలించే సక్సినైల్ కోలిన్ మందు ఇస్తే, ఈ లోపం ఉన్నవారి కండరాలు గంటల తరబడి తేరుకోవు. ఇందులో ఆ సమాజం తప్పేమీ లేదు. దేశంలో ఇంకెన్నో సమూహాలది ఇదే చరిత్ర. చుట్టరికమే లేని సంబంధమైనా, కులం గీత లోపలే కుదిరితే పూర్వీకులు ఒకరే కావచ్చు. అందుకే మేనరికాన్ని తిట్టి, కులం కట్టుబాటును వదిలేయడం సగం పాఠమే.

జీవశాస్త్రం అధ్యాపకులకు నా విన్నపం ఒకటే. వంశవృక్షం గీయించేటప్పుడు విద్యార్థుల చేత అమ్మమ్మ, నాయనమ్మల పుట్టిళ్లు కూడా రాయించండి. ఇలాంటి అంతర్గత జబ్బే అయిన తలసీమియా వాహకులను గుర్తించడానికి రక్తపరీక్ష సరిపోతుందనీ, దాన్ని పెళ్లికి ముందే చేయించుకోవచ్చనీ చెప్పండి.