ఒహారు, కమలాక్షి: రెండు చిత్రములలో గతము

జపాను చలనచిత్ర దర్శకులలో కెంజి మిజోగూచి (1898–1956) స్త్రీల కథలకు పేరుపడినవాడు. ఆయన బాల్యముననే కుటుంబము దారిద్ర్యమున పడగా, అక్కగారిని పెంపునకిచ్చిరి. ఆమె పిమ్మట గేషా అయ్యెను. 1952లో వెలువడిన ‘ఒహారు జీవితము’ చిత్రమునకు మూలము 1686నాటి ఇహారా సైకాకు నవలయే యైనను, అందలి వేదన పుస్తకమునుండి మాత్రమే వచ్చినది కాదని నా నమ్మకము.

కథ చివరినుండి మొదలగును. వయసు మళ్లిన వేశ్య యొకతె ఆలయములో బుద్ధశిష్యుల విగ్రహములను చూచుచుండగా, ఒక విగ్రహపు మొగము ఆమె తొలి ప్రియుని మొగముగా మారును. అప్పుడు గతము తెరమీదికి వచ్చును. అంతఃపురమున కొలువున్న కన్య, తక్కువ హోదావానిని ప్రేమించి బహిష్కృతురాలగును. ఒక ప్రభువునకు వారసుని కని యిచ్చి పుట్టింటికి పంపబడును. తండ్రి చేసిన అప్పులకు అమ్ముడుపోవును. పెరిగి ప్రభువైన కన్నకొడుకును సైతము, అతడు నడచిపోవుచుండగా దూరమునుండి చూడనిత్తురు, అంతే. ముగింపు ముందే తెలిసినందున “తరువాత నేమి?” అను ఆత్రుత పోయి, “ఇట్లేల జరిగినది?” అను ప్రశ్న మిగులును. కెమెరా కూడ ఆమె కన్నీటి దగ్గరకు పరుగెత్తదు. దీర్ఘమైన దృశ్యములలో, దూరమున నిలిచి చూచును.

దీని సరసన నిలుపదగిన తెలుగు చిత్రము బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ (1988). ఒకటి చూచి వేరొకటి తీసిరని నా భావము కాదు. 1920 ప్రాంతపు తెలంగాణ గడిలో దాసియైన కమలాక్షి దొరవలన గర్భవతియగును. ఆ గర్భమును బలవంతముగా తీయింతురు. ఒహారు కన్న బిడ్డ ప్రభువు వంశమునకు కావలెను. కమలాక్షి బిడ్డ గడికి అక్కరలేదు. కమలాక్షిగా నటించిన అర్చనకు జాతీయ పురస్కారము లభించినది. ఛాయాగ్రాహకుడు ఎ.కె. బీర్‌కు, కళాదర్శకత్వము వహించిన చిత్రకారుడు వైకుంఠమునకు కూడ ఆ గౌరవము దక్కినది.

ఆ కాలముననే, అనగా 1923–31 మధ్య, మంజీరపై నిజాంసాగరు కట్టుచుండిరి. ఆ నీటితోనే బోధను చెరకు పండినది. 1937లో స్థాపితమైన అక్కడి చక్కెర కర్మాగారము 2015లో మూతబడినది. 1937లోనే నిజామాబాదులో మందుముల నర్సింగరావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశము జరిగెను. వెట్టిని మాన్పవలెనని ఆ సభలవారు పలుమార్లు కోరిరి. ఆనకట్ట తేదీలు మనకు తెలియును. సభాధ్యక్షుల పేర్లు తెలియును. దొరల యిండ్ల పెండ్లిండ్లలో వధువువెంట సారెవలె పంపబడిన ఆడబాపల పేర్లో? అవి వ్రాసిపెట్టినవారు అరుదు.

కనుకనే రెండు కథల నడక వేరైనదని నాకు తోచును. ఒహారునకు తలచుకొనుటకు ఒక పూర్వస్థితి యున్నది. కొలువు, ప్రియుడు, పోగొట్టుకొన్న పేరు. జ్ఞాపకమే ఆమె కథను నడిపించును. పిన్ననాడే ఇంకొకరి యింటికి వస్తువుగా చేరిన ఆడబాపకు అట్టి వెనుకటి దినములు లేవు. ఉన్నవి పొద్దున మొదలుకొని రాత్రివరకు గడిపనులు మాత్రమే.