బడి విడిచాక మిగిలే మూడు గంటలు
సాయంత్రం బడి విడిచిన తరువాత సమయం ఎలా గడిచిందన్నది మరునాడు తరగతిలో విద్యార్థి నడవడిలో కనిపిస్తుంది. ఆట, నిద్ర కరవైన పిల్లలలో చిరాకు, పరధ్యానం పెరుగుతాయి. వాటిని అల్లరిగా, సోమరితనంగా పొరబడటం పరిపాటి.

2016లో సవరించిన బాల కార్మిక చట్టం, 14 ఏళ్లలోపు పిల్లలు బడివేళల తరువాత, సెలవులలో ప్రమాదకరం కాని కుటుంబ వృత్తులలో సాయపడేందుకు అనుమతించింది. 2017 నిబంధనలు ఆ సాయాన్ని విశ్రాంతి మినహా రోజుకు 3 గంటలకు పరిమితం చేశాయి. సాయంత్రం 7 నుంచి ఉదయం 8 వరకు నిషేధించాయి. బడి 4 గంటలకు విడిచే చోట, వెలుతురున్న సమయమంతా ఆ పనికే సరిపోతుంది. ఆటకు మిగిలేది లేదు.

సమాచారం లేకుండా వరుసగా 30 రోజులు బడికి రాని విద్యార్థి సంగతి ప్రధానోపాధ్యాయుడు నోడల్ అధికారికి తెలపాలి. రోజూ హాజరవుతూ బల్లపై కునికే బాలికకు ఈ నిబంధన వర్తించదు.