వేదవతీజల వివాదము

మన గుమ్మఘట్ట సీమయందు వర్షము స్వల్పము. మనవారు హగరి యని పిలుచు వేదవతీనదియే యిచటి సేద్యమునకు ముఖ్యాశ్రయము. అది మైసూరుదేశమున జనించి మన పొలిమేరకు వచ్చుచున్నది. ఎగువవారు కట్ట వేసిన మన కాలువ లెండును. వేయకున్న వారి పొలములు బీడువడును. ఉభయపక్షములందును న్యాయము గలదు గనుకనే యీ వివాదము కఠినమైనది.

నాడు రాయదుర్గము తాలూకా మదరాసు రాజధానిలో బళ్ళారి జిల్లాకు జేరియుండెను. 1892 ఫిబ్రవరి 18వ తేదీన మదరాసు, మైసూరు ప్రభుత్వము లొక యొడంబడిక చేసికొనెను. వేదవతి మొదలగు నదులపై మైసూరువారు క్రొత్త జలాశయము గట్టుటకు ముందు మదరాసువారి సమ్మతి పొందవలెను. మదరాసువారును, దిగువను అనుభవములో నున్న హక్కును గాపాడుటకు దప్ప, కాదనరాదు. ఆ హక్కును గూర్చి భేదము పుట్టెనేని మధ్యవర్తులు గాని భారతప్రభుత్వము గాని తీర్పు చెప్పవలెను.

పిమ్మట 1907లో ఎగువను మారికణివె యానకట్ట పూర్తియయ్యెను. స్వాతంత్ర్యానంతరము మన భైరవానితిప్ప జలాశయమును వెలసెను. వివాద మంతరింపలేదు, 1969లో బచావత్ గారి యధ్యక్షతన నేర్పడిన కృష్ణాజల న్యాయమండలి వేదవతిని గూడ విచారించెను.

ఒడంబడిక కలహమును జంపలేదు. దానికొక త్రోవ నేర్పఱచినది. మన సంఘమునందును అభిప్రాయభేదములు పుట్టకమానవు. ఎవరి నడుగవలెనో, ఏ కారణమున గాదనవచ్చునో, తీర్పరి యెవరో కలహమునకు ముందే వ్రాసికొనుడని సోదరులను ప్రార్థించుచున్నాము. పిదప వ్రాసినది గెలిచినవాని శాసనమే యగును.