ఖాయిలా పడిన మాటలు

బేరం చెడిన చోట, లెక్క తప్పిన చోట మన వ్యాపారులు ఒక మాట అంటారు: "వీణ్ణి ఎర్రగడ్డ పంపాలి." సినిమా హాస్యం ఈ మాటను ఊరూరా మోసింది. ఎర్రగడ్డ చేసిన పాపమల్లా అక్కడ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉండటమే. కోస్తాలో ఇదే నింద విశాఖపట్నం చినవాల్తేరు మోసింది. రోగిని చేర్చుకున్న ఊరి పేరే తిట్టయింది.

ఎర్రగడ్డను ఆనుకొనే సనత్‌నగర్ ఉంది. 1942లో పుట్టిన ఆల్విన్ కర్మాగారం అక్కడిదే. బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, గడియారాలు చేసిన ఆ సంస్థ 1990లలో నష్టాలపాలైంది. అటువంటి సంస్థలను మన పత్రికలు "ఖాయిలా పరిశ్రమలు" అన్నాయి. మనిషి మంచాన పడితే పల్లెల్లో వాడే మాట అది. జబ్బు మాట ఫ్యాక్టరీకి అంటించినా ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడానికి కారణం చట్టంలో ఉంది.

1985లో కేంద్రం ఖాయిలా పరిశ్రమల చట్టం చేసింది. పేరుకున్న నష్టాలు సంస్థ సొంత నిధులను మింగేస్తే అది "ఖాయిలా" పడినట్టు. దానికొక బోర్డు, ఒక పునరుద్ధరణ పథకం. విచారణ సాగినంతకాలం అప్పులవాళ్లు ఆస్తులు జప్తు చేయకుండా రక్షణ. చట్టం జబ్బుపడిన పెట్టుబడి నాడి పట్టుకొని చూసింది.

మరి జబ్బుపడిన మనిషి? అదే 1985లో అతనికి వర్తించింది 1912 నాటి బ్రిటిషు చట్టం. దాని పేరులోనే "పిచ్చి" ఉంది. అందులో అతను పోలీసు పట్టుకోవలసినవాడు, మేజిస్ట్రేటు ఉత్తర్వుతో లోపల వేయవలసినవాడు. దాని స్థానంలో 1987లో చేసిన చట్టం కూడా 1993లో గాని అమలుకు రాలేదు. గౌరవంగా బతికే హక్కును స్పష్టంగా రాసింది 2017 చట్టం. ఖాయిలా పరిశ్రమల చట్టం 2016లోనే రద్దయింది. ఎర్రగడ్డ తిట్టు మాత్రం ఇంకా రద్దు కాలేదు.

ఇక్కడ వర్గదృష్టి లేకుండా భాష అర్థం కాదు. యజమాని నష్టం జబ్బు అయింది, సానుభూతికి నోచుకుంది. గేటు మూతపడి, జీతం ఆగి, నిద్రపట్టక కార్మికుడు అదే ఎర్రగడ్డ ఆసుపత్రి మెట్లెక్కితే అతని జబ్బు నవ్వులాట అయింది. "కుంటుపడిన వ్యాపారం", "గుడ్డి బేరం" కూడా ఈ కోవలోవే. ఉపమేయం లాభనష్టాలదే, ఉపమానం మాత్రం ఎవరి శరీరమో.

మాటలు మార్చితే ఆసుపత్రిలో మంచాలు పెరుగుతాయా అని మిత్రులు అడుగుతారు. పెరగవు. కాని ఇరుగుపొరుగు నోట ఆ పేరు పడుతుందన్న భయంతో రోగిని ఇంట్లో దాచే కుటుంబాలున్నాయి. అక్కడ ఆ మాటే వైద్యానికి అడ్డు నిలుస్తుంది.

ఈ నేరంలో నాకూ భాగముంది. నా తొలి కథల్లో ఒక షావుకారు చేత గుమాస్తాను ఎర్రగడ్డ పొమ్మనిపించాను. షావుకారు అలా అనడం సహజమే. పాఠకుణ్ణి అతనితో కలిసి నవ్వించింది మాత్రం నేను. పాత్ర నోటి మాటను పాత్రకే వదిలిపెట్టి, ఆ నవ్వులో రచయిత పాలుపంచుకోకుండా ఉండటం మన బాధ్యత. ఆ గుమాస్తా తర్వాత ఏమయ్యాడో నా కథ చెప్పలేదు. చెప్పవలసింది అదే.