నేలలోని సున్నం చెప్పే వానల చరిత్ర

నాతవరం వైపు నుయ్యి తవ్వేటప్పుడు మట్టిలో తెల్లని సున్నపు గడ్డలు తగిలితే, పారవేసే ముందు అవి యెన్ని మూరల లోతున వున్నవో కొలిచి వుంచండి. శాసనాలకన్నా పాత చరిత్ర ఆ లెక్కలో వుంటుంది.

వాననీరు నేలలోని సున్నాన్ని కరిగించుకొని కిందికి దిగుతుంది. నీరు ఆరిన చోట సున్నం గడ్డకడుతుంది. వాన బాగా పడితే లోతున, తక్కువైతే పైపైన. మరీ కుండపోతగా కురిసే సీమలో గడ్డే మిగలదనుకోండి. వాన పెరిగేకొద్దీ సున్నపు పొర లోతుకు పోతుందని అమెరికా మైదానాల్లో జెన్నీ, లియోనార్డ్ అనే శాస్త్రజ్ఞులు 1934లో చూపించారు.

వాన ఒక్కటే కాదు, ఆనాటి పచ్చదనం జాడ కూడా అందులో వుంది. చెట్లు, వరి బొగ్గుపులుసు వాయువును ఒక తీరున గ్రహిస్తాయి. జొన్న, సజ్జ, వేడిసీమల గడ్డి మరొక తీరున. వేళ్ళు విడిచే వాయువు సున్నంలో చేరి ఆ తేడాను నిలుపుతుంది. పాకిస్తాన్ శివాలిక్ కొండల మట్టిలోని యిటువంటి గడ్డలను పరీక్షించి, సుమారు 70 లక్షల యేళ్ళనాడు అక్కడ గడ్డిమైదానాలు వ్యాపించాయని 1989లో తేల్చారు.

అయితే సున్నం పైనే కనబడింది గదా, పూర్వం వాన తక్కువేనని తొందరపడరాదు. పైమట్టి కొట్టుకుపోయినా లోతు పొర పైకి వచ్చినట్టే వుంటుంది. వాలు చేలలో యిది మామూలే. అందుకని పక్కనే యెన్నడూ దున్నని బీడులో ఒక గుంట, చేలో ఒక గుంట తీసి పోల్చి చూడండి. చేలో సున్నం ఒక మూర పైగా కనబడితే, దాదాపు ఆ మూర మట్టి మీ చేను విడిచి వాగులో కలిసిందన్నమాట.